సౌగంధి గారికి కన్నీటి అభిషేకం

సౌగంధి గారి కొత్త ఆల్బమ్ విని మా ఊళ్ళో మొట్టమొదట ఏడ్చినవాడు బాధ కలిగి ఏడవలేదు. ఈల వెయ్యడానికి ఎక్కడా సందు దొరక్క ఏడ్చాడు.

వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. సౌగంధి గారు తన పాట తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, గిటారు భుజాన వేసుకుని తనే పాడుతుంది. మొన్నటిదాకా ఆవిడ పాట మొదలైతే ముందు డప్పు లేచేది, దాని వెనక జనం లేచేవారు. కాగితాలు చింపి ఎగరేసేవాళ్ళం. కొత్త పాట వచ్చిన ప్రతిసారీ సెంటర్లో కటౌట్ నిలబెట్టి బిందెలతో పాలాభిషేకం చేసేవాళ్ళం. ఆ పూట నిడదవోలులో కాఫీ దొరికేది కాదు. చంటిపిల్లల తల్లులు తిట్టేవాళ్ళు గానీ, తిట్లకి భయపడితే అభిమానం ఎక్కడ నిలుస్తుంది?

నేను ఆవిడ అభిమాన సంఘం టౌను శాఖ కార్యదర్శిని. టెంటు హౌసు గవర్రాజు అంటే చెబుతారు. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, గ్లాసులు అద్దెకిస్తాను. పెళ్ళికైనా పెద్దకర్మకైనా అవే కుర్చీలు. కూర్చునేవాళ్ళ మొహాలే మారతాయి.

కొత్త ఆల్బమ్ పేరు ‘ఆరని బట్టలు’. పేరు వినగానే ఏదో వానపాట, గంతులేసే పాట అనుకున్నాం. మా షెడ్డులో పెద్ద స్పీకర్లు పెట్టి అందరం చుట్టూ నిలబడ్డాం. జేబుల్లో కాగితపు ముక్కలు, నోట్లో వేళ్ళు సిద్ధం. గిటారు ‘టింగ్’ అంది. ఆవిడ పక్కింట్లోవాళ్ళతో మాట్లాడుతున్నట్టు ఏదో నెమ్మదిగా పాడింది. మళ్ళీ ‘టింగ్’ అంది. డప్పు వస్తుందని ఎదురుచూశాం. ఎంతసేపటికీ రాదే!

“గవర్రాజు గారూ, పాట ఎప్పుడు మొదలౌద్దండీ?” అన్నాడు చిట్టిబాబు. కళ్ళజోళ్ళ షాపు అతనిది. మా శాఖకి కోశాధికారి.

“ఎనిమిది పాటలూ అయిపోయాయి చిట్టిబాబూ” అన్నాను.

వెనక ఎవడో వెక్కాడు. నేను మొదట చెప్పినవాడు వాడే.

మర్నాటికి రాష్ట్ర అధ్యక్షులు ఆచంట విశ్వేశ్వరం గారు స్వయంగా దిగారు. ఆయన ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన సంగతి ఆయనకి మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మైకు చేతికివ్వగానే గొంతు సవరించుకున్నారు.

“సభ్యులందరికీ తెలియజేయునదేమనగా, సదరు ఆల్బమ్ విషాదభరితమైనదని పరిశీలనలో తేలినది. విషాదము నందు ఈల నిషిద్ధము. కావున నేటి నుండి అభిమానమును కన్నీటి రూపేణా మాత్రమే వ్యక్తము చేయవలెను.”

“మరి పాలాభిషేకం అండీ?” అన్నాను.

“పాలు ఆనందసూచకము. తత్స్థానమున కన్నీటి అభిషేకము.”

చిట్టిబాబు వేళ్ళు లెక్కపెడుతూ లేచాడు. “నలభై అడుగుల కటౌటండీ. అన్ని కన్నీళ్ళు ఎక్కడ తెస్తామండీ?”

“ప్రశ్న సమంజసమే. అందువలననే వార్డుల వారీగా లక్ష్యములు నిర్ణయించడమైనది. వచ్చే నెల మీ పట్టణమున సౌగంధి గారి కచేరీ జరుగును. అప్పటికి కన్నీరు సిద్ధముగా ఉండవలెను. ఏడవని వారికి కచేరీ ప్రవేశము లేదు.”

చప్పట్లు కొట్టబోయి ఆగాం. చప్పట్లు కూడా ఆనందసూచకమే కదా! అందరం కండువాలతో కళ్ళు ఒత్తుకున్నాం. అధ్యక్షులవారు సంతృప్తిగా తల పంకించారు.

ఆ రోజే శోక ప్రమాణాల ఉపసంఘం ఏర్పడింది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడ్డానికి టార్చిలైటు ఉన్నవాడు ఊళ్ళో చిట్టిబాబు ఒక్కడే కాబట్టి అతనే చైర్మన్. కన్ను చెమర్చితే మూడో రకం. బొటబొటా రాలితే రెండో రకం. గుండెలు బాదుకుని, పక్కవాడి భుజం తడిపితే మొదటి రకం. మొదటి రకం వాళ్ళకి స్టేజీ ముందు కుర్చీలు, రెండో రకానికి వెనక కుర్చీలు, మూడో రకం నిలబడాలి. కన్నీళ్ళు పట్టడానికి ఖాళీ హోమియో మందు సీసాలు పంచాం.

పొద్దున్నే వార్డు వార్డుకీ స్పీకరు, దాని చుట్టూ చాపలు, చాపల మీద సభ్యులు, కంటి కింద సీసాలు. పాపం, కష్టపడి ఏడ్చారు. రెండో వార్డు పైడిరాజు భార్య మా షెడ్డుకొచ్చి నానా గొడవా చేసింది. “పెళ్ళయి ఇన్నేళ్ళలో నా కోసం ఒక్క చుక్క కార్చాడా ఈ మనిషి? ఆవిడెవరి కోసవో సీసాకి సీసా నింపుతున్నాడు! ఏటండీ మీ సంఘం?” అంది. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది. చిట్టిబాబు చటుక్కున సీసా పట్టబోయి చెంపదెబ్బ తిన్నాడు.

లక్ష్యాలు పెట్టాక కల్తీ రాకుండా ఉంటుందా? మొదట ఉల్లిపాయలు వచ్చాయి. ఉల్లిపాయ నిషేధించాం. మా సభ్యుల ఇళ్ళల్లో పులుసు చప్పబడిపోయింది. స్టేషన్ రోడ్డులో పెసరట్ల సుబ్బమ్మ మా బ్యాడ్జీ కనబడితే ఉల్లి చల్లడం మానేసింది. తర్వాత తలనొప్పి బామ్ వచ్చింది. అదీ నిషేధించాం. ఆ తర్వాత ఐదో వార్డువాళ్ళు ఒక్క పూటలో చెంబు నిండా పట్టుకొచ్చారు. టార్చి వేస్తే తెలిసే రకం కాదని చిట్టిబాబు వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు.

“ఇది కన్నీరు కాదండీ. మాగాయ ఊట.”

ఆ రోజు నుంచి చిట్టిబాబు రుచి చూసి చెప్పడం మొదలెట్టాడు. అదేం విద్యో గానీ, నాలిక మీద చుక్క పడితే చాలు, “ఇది అప్పులోళ్ళ కన్నీరండీ, మన ఆల్బమ్‌ది కాదు”, “ఇది అత్తాకోడళ్ళది, పక్కన పెట్టండి” అనేవాడు. సంగతి అధ్యక్షులవారికి తెలిపితే వెంటనే ఉత్తర్వు వచ్చింది: ‘స్వంత కష్టముల వలన కలుగు కన్నీరు అనుమతించబడదు. కేవలము ఆల్బమ్ వలన మాత్రమే ఏడవవలెను.’

ఇంత సవ్యంగా సాగుతున్న వ్యవహారంలో నాకు తలనొప్పి మా ఇంట్లోంచే వచ్చింది.

మా తాయారక్క మా షెడ్డు వెనక గదిలో ఉంటుంది. చీరలకి ఫాల్స్ కుడుతుంది. మా బావ కొండబాబు ఈ టౌను శాఖ పెట్టిన మనిషి. మొదటి కటౌట్‌కి నిచ్చెనేసుకుని ఎక్కి మొదటి బిందె పోసింది ఆయనే. రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. ఆ రోజు ఆడవాళ్ళంతా శవం చుట్టూ కూర్చుని శోకాలు పెడుతుంటే మా అక్క ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. పంపు దగ్గరికెళ్ళి, వచ్చినవాళ్ళు తాగిన టీ గ్లాసులు కడుగుతూ కూర్చుంది. “మొగుడు పోతే గ్లాసులు తోముకుంటందమ్మా, ఎంత గుండె!” అని వీధివీధంతా చెప్పుకున్నారు. అప్పణ్ణుంచి ఆవిడకి ‘రాయి తాయారు’ అని పేరు పడింది. పేరంటాలకి ఎలాగూ పిలవరు, మాటామంతీకి కూడా ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఎంతమంది నోళ్ళని మూయిస్తాను?

ఓ మధ్యాహ్నం అన్నానికి వెళ్ళేసరికి అక్క సెల్‌ఫోన్‌లో సన్నగా పాట పెట్టుకుని సూది గుచ్చుతోంది. నాలుగో పాట. ఆ పాట నేను కొన్ని వందలసార్లు విన్నాననుకున్నాను. తీరా చూస్తే మాటలు విండం అదే మొదటిసారి.

*అందరూ ఏడ్చారు అమ్మ చుట్టూ చేరి*
*నేనొక్కదాన్నీ పంపు దగ్గర*
*గ్లాసులు కడుగుతూ ఉండిపోయాను*
*కడిగిన గ్లాసే మళ్ళీ కడిగాను*

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

“ఈ పిల్లకెలా తెలిసిందిరా?” అంది అక్క, సూది మీంచి కళ్ళెత్తకుండా.

“మాకెవ్వరికీ తెలవలేదక్కా ఈ పాట ఇదని” అన్నాను. నిజమే. అధ్యక్షులవారు నాలుగో పాటకి ‘గ్లాసులు’ అనే పేరు చూసి, ఇది ప్రేమ విఫలమైనవాడి మందు పాట అని నిర్ధారించారు. ఊరంతా కట్టిన ఫ్లెక్సీల్లో సౌగంధి గారి పక్కన బ్రాందీ గ్లాసు బొమ్మ వేయించింది నేనే.

“అదేంట్రా? ఇంతమంది నెల్లాళ్ళ నించి ఏడుస్తన్నారు, ఒక్కరూ వినలేదా?”

“ఏడుస్తున్నాం కదక్కా, ఎక్కడ వినపడుద్ది?”

అక్క దారం కొరికింది. “ఒరే గవర్రాజూ, ఆ పిల్ల ఊళ్ళోకి వస్తందంట కదా. ఎదురుగా కూర్చుని ఒక్కసారి విన్నానంటే చాలు. ఓ మాట కూడా అడగాలి ఆవిణ్ణి.”

“ఏం మాటక్కా?”

“అదంతా నీకెందుకు? నన్ను లోపలికి పంపించు చాలు.”

రెండేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. దానికేం భాగ్యం అనుకున్నాను. కార్యదర్శి అక్కగారికి కుర్చీ దొరకదా?

దొరకలేదు. మొగుడు పోయిన మనిషికి కన్నీటి పరీక్ష ఏమిటని చిట్టిబాబు కొంచెం మొహమాటపడ్డాడు గానీ, రూలు రూలే. కళ్ళ పరీక్ష చేసే కుర్చీలో అక్కని కూర్చోబెట్టి నాలుగో పాట పెట్టాడు. టార్చి వేశాడు. ఎడమ కన్ను చూశాడు, కుడి కన్ను చూశాడు. పాట అయిపోయింది.

“కొంచెం ప్రయత్నం చెయ్యండి తాయారమ్మ గారూ.”

“ప్రయత్నం చేస్తే వచ్చేదైతే రెండేళ్ళ కిందటే వచ్చేది చిట్టిబాబూ. ఆ లైటు తియ్యి, కళ్ళు మండుతున్నాయి.”

“మండుతున్నాయా?” అన్నాడు ఆశగా, సీసా తీస్తూ.

“లైటుకి!” అంది అక్క.

అధ్యక్షులవారికి ఫోన్ చేశాను. ఆవిడ ఎవరో, మా బావ సంఘానికి ఏం చేశాడో అంతా చెప్పాను. ఆయన సావధానంగా విని అన్నారు: “కొండబాబు గారి సేవలు చిరస్మరణీయములు. వారి చిత్రపటమునకు దండ వేయుదము. కానీ శోకమునందు సిఫార్సులు చెల్లవు గవర్రాజూ. నేడు మీ అక్కగారికి మినహాయింపు ఇచ్చిన యెడల, రేపు ఏడవని ప్రతివారూ తమకు లోపల బాధ ఉన్నదని బయలుదేరెదరు. లోపలి బాధను కొలుచు సాధనము మన వద్ద లేదు.”

ఫోన్ పెట్టేసి తిట్టుకున్నాను. ఎవర్నో చెప్పను. అక్కతో మాత్రం, “కచేరీ జరిగే కల్యాణమండపం వెనక పంపు ఉందక్కా. అక్కడ కూర్చుంటే స్పీకరు బాగానే వినపడుద్ది. గ్లాసులు కడగడానికి మనిషి కావాలని రాయించి పాసు ఇప్పిస్తాను” అన్నాను.

అక్క నా వంక చూసింది. “మళ్ళీ గ్లాసులేనా?” అంది. చీర కొంగు దోపుకుని వచ్చింది.

కచేరీ రోజు సాయంత్రం కల్యాణమండపం ముందు ఇసకేస్తే రాలని జనం. మధ్యలో నలభై అడుగుల కటౌట్. సౌగంధి గారి బుగ్గల మీద మా పెయింటరు గుమ్మడికాయంత కన్నీటి బొట్లు వేశాడు. ఆవిడ మొహం నిజంగా ఎలా ఉంటుందో ఆ బొట్ల చాటున ఎవరికీ ఆనలేదు. సన్నాయి విషాదంగా ఊదుతుండగా వార్డుల వాళ్ళు సీసాలు పట్టుకుని ఊరేగింపుగా వచ్చారు. మొత్తం పోగేస్తే, ఊరు ఊరంతా నెల్లాళ్ళు ఏడ్చినది ఒక రాగిచెంబుకి కొంచెం తక్కువగా తేలింది.

అధ్యక్షులవారు నిచ్చెనెక్కి కటౌట్ నెత్తిన చెంబు వంచారు. కన్నీరు జుట్టు మీంచి జారి, నుదుటి మీదికి వచ్చేసరికి పడమటెండకి ఆరిపోయింది. కనుబొమ్మల దాకా కూడా రాలేదు. సభ్యులు ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ ఏడుపు మాత్రం నిజమైందే అని నా నమ్మకం.

ఈ ఊరేగింపుతో రోడ్డంతా మూసుకుపోయింది. సౌగంధి గారి కారు రైల్వే గేటు దగ్గరే ఇరుక్కుపోయింది. అది మాకు తెలియదు. మండపం గేటు దగ్గర చిట్టిబాబుతో ఎవరో అమ్మాయి మాట్లాడుతుంటే వెళ్ళాను. నలిగిన నేతచీర, చెమట మొహం, భుజాన గిటారు. గిటారు తగిలించుకొచ్చిన అమ్మాయిలు ఆ రోజు చాలామందే ఉన్నారు లెండి.

“ఏడ్చినట్టు ధ్రువపత్రం ఏదమ్మా?” అంటున్నాడు చిట్టిబాబు.

“నాకెందుకండీ? లోపల పాడాల్సింది నేనే. నేను సౌగంధిని.”

“పొద్దుట్నించి నలుగురు సౌగంధులొచ్చారమ్మా. నీకన్నా బాగా ఏడ్చారు కూడాను.”

ఆ గొంతు నేను పోల్చుకున్నాను. నాలుగో పాట గొంతు అది. పరుగెత్తుకెళ్ళి అధ్యక్షులవారిని లాక్కొచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆవిణ్ణి పైకీ కిందకీ చూశారు.

“గుర్తుపట్టాను. వారే. నమస్కారమమ్మా.” తర్వాత నా వైపు తిరిగారు. “అయితే గుర్తుపట్టుట వేరు, అనుమతించుట వేరు. ఏడవని వారికి ప్రవేశము లేదని మనమే గోడలపై రాయించియుంటిమి. అమ్మా, నామమాత్రమునకు ఒక్క చుక్క. లాంఛనము పూర్తగును.”

సౌగంధి గారు చిట్టిబాబు టార్చికేసి ఓపిగ్గా చూసింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

“నాకు రాదండీ. మా అమ్మ పోయినప్పుడూ రాలేదు. ఏం చెయ్యాలో తెలీకే కదండీ ఈ పాటలు రాసుకున్నాను!”

అధ్యక్షులవారు మొహం గంభీరంగా పెట్టారు. “అనగా, ఈ ఆల్బమ్ కన్నీరు లేని వ్యక్తి చేత తయారుచేయబడినదని మీరు అంగీకరించుచున్నారు. ఇది మా సభ్యుల మనోభావములను తీవ్రముగా గాయపరచు విషయము. మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తగు కారణములు చూపవలసియుండును.”

“మరి కచేరీ అండీ?” అన్నాను నేను.

“కచేరీ ఆగదు. కటౌట్ ఉన్నది, రికార్డు ఉన్నది, ఏడ్చువారు ఉన్నారు. గాయని అత్యవసరము కాదు.” ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

నాకు తెలిసిన పని ఒక్కటే, కుర్చీ వెయ్యడం. “రండమ్మా, వెనకాల కుర్చీ వేస్తాను. కాస్త మంచినీళ్ళు తాగుదురుగాని” అన్నాను. ఆవిడ నా వెనకే వచ్చింది.

మండపం వెనక పంపు దగ్గర మా తాయారక్క పీట మీద కూర్చుని ఉంది. కడిగిన గ్లాసులు పలక మీద వరసగా బోర్లించి ఉన్నాయి. అందులోంచే ఒకటి తీసి మళ్ళీ కడుగుతోంది. లోపల స్పీకర్లో గిటారు ‘టింగ్’ అంది. అంతే, మండపమంతా గొల్లుమంది. ఇక పాట ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

సౌగంధి గారు అక్కడే ఆగిపోయింది. నేను వేసిన కుర్చీ చూడనే లేదు. అక్క పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“కడిగిందే కడుగుతున్నారేంటండీ?”

అక్క తలెత్తింది. గొంతు పోల్చుకుంది. కంగారుపడుతుందేమో అనుకున్నాను. పడలేదు.

“నువ్వెంతసేపు కడిగావమ్మా?”

“మా పిన్ని వచ్చి గ్లాసు లాక్కునేదాకా.”

“నా దగ్గర ఎవరూ లాక్కోలేదు” అంది అక్క. కాసేపు నీళ్ళ కింద గ్లాసు తిప్పింది. “ఓ మాట అడుగుతాను, ఏవనుకోకు. తరవాతైనా వచ్చిందా, ఏడుపు?”

“రాలేదండీ. మీకో?”

“రాలేదు.”

“అయితే మనమిద్దరం ఉన్నామన్నమాట” అంది సౌగంధి గారు.

అదే సమయానికి లోపల మొదటి రకం వాళ్ళు పతాకస్థాయికి చేరుకున్నారు. “అమ్మా సౌగంధమ్మా! మమ్మల్ని వదిలి ఎళ్ళిపోయావా తల్లీ!” అని పైడిరాజు గుండెలు బాదుకుంటున్నాడు.

సౌగంధి గారు మండపం వైపు చెవి పెట్టి విని, అక్క వైపు తిరిగి, “నేను పోయానేంటండీ?” అంది.

అక్కకి మొదట ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు. ఆ మనిషి నవ్వి రెండేళ్ళయింది, నాకు గొంతే పోల్చుకోవడం చేతకాలేదు. గ్లాసు చేతిలోంచి జారింది. సౌగంధి గారు కూడా పట్టలేకపోయింది. ఒకరి మీద ఒకరు పడి, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. లోపల ఏడుపు ఎక్కువైన కొద్దీ వీళ్ళకి నవ్వు ఎక్కువవుతోంది. నవ్వి నవ్వి మా అక్క కళ్ళు నిండాయి. నిండి, కారాయి. కారి, ఆగలేదు. కొంచెంసేపటికి అది నవ్వో మరొకటో చూస్తున్న నాకు తెలియలేదు. సౌగంధి గారి బుగ్గలూ తడిశాయి. ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు.

చిట్టిబాబు ఎక్కణ్ణుంచి చూశాడో టార్చీ సీసా పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ఇద్దరి గడ్డాల కిందా సీసా పెట్టి నింపేశాడు. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. నెల్లాళ్ళలో మొదటిసారి, తేల్చుకోలేక, ఇంకోసారి వేలు ముంచాడు.

“గవర్రాజు గారూ... ఇది మాత్రం అసలుదండీ” అన్నాడు మెల్లిగా.

ఆ మాట చెప్పడానికి లోపలికి పరుగెత్తాడు. వెళ్ళినంత వేగంగానే వాడిపోయిన మొహంతో తిరిగొచ్చాడు.

“ఎందుకొచ్చిందని అడిగారండీ అధ్యక్షులవారు. నవ్వుతుంటే వచ్చిందని చెప్పేశాను. నవ్వు మూలమున వచ్చినది చెల్లదన్నారండీ. పారబోసెయ్యమన్నారు.”

“అలాగే. ఇటియ్యి” అంది అక్క.

సీసా తీసుకుని పంపు కింద పెట్టి శుభ్రంగా కడిగింది. గ్లాసుల వరస చివర బోర్లించింది. ఈసారి దేన్నీ మళ్ళీ తీసి కడగలేదు. పంపు కట్టేసింది. చేతులు కొంగుకి తుడుచుకుని, నేను వేసిన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. చిట్టిబాబు టార్చి ఆర్పి నేల మీద చతికిలబడ్డాడు.

“ఇప్పుడు పాడమ్మా” అంది మా అక్క. “వింటాను.”